కల్కి 2898 ఏడీ: టికెట్ తీసే ముందు ఇవి తెలుసుకోండి.. 6 వేల ఏళ్ల లెక్కేంటి? బుజ్జి సంగతేంటి?

శంషాబాద్, 2024 జూన్ 26: మరికొన్ని గంటలే. ప్రభాస్ హీరోగా నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ' గురువారం థియేటర్లలోకి వచ్చేస్తోంది. 2020 ఫిబ్రవరిలో అనౌన్స్ చేసిన సినిమా ఇది. అంటే నాలుగేళ్ల పైమాటే. ఈలోగా ప్రాజెక్ట్ కే కాస్తా కల్కి అయింది, రిలీజ్ డేట్ రెండుసార్లు మారింది, బడ్జెట్ రూ.600 కోట్లకు చేరిందని ట్రేడ్‌లో టాక్ నడిచింది.

ఎప్పుడో రాబోయే కాలాన్ని చూపిస్తున్న ఈ సినిమా తయారైంది మాత్రం మన ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే. ఎయిర్‌పోర్టు దగ్గర్లోని మంఖాల్ వాళ్లు తుక్కుగూడలో ఔటర్ ఎక్కి, రావిర్యాల, బొంగ్లూరు దాటి పెద్ద అంబర్‌పేటలో దిగితే చాలు, రామోజీ ఫిల్మ్ సిటీ దగ్గరికి వచ్చేసినట్టే. 2021 జులై 24న గురుపౌర్ణమి రోజు ముహూర్తం షాట్ అక్కడే తీశారు. అమితాబ్ బచ్చన్‌పై తీసిన ఆ షాట్‌కు క్లాప్ కొట్టింది ప్రభాస్. ఈ ఏడాది మే 22న బుజ్జి అనే వింత కారును ఫ్యాన్స్‌కు చూపించింది కూడా అక్కడే.

అయితే ఫ్యాన్స్ సంగతి పక్కన పెడితే, మామూలుగా ఇంటిల్లిపాదీ కలిసి సినిమాకు వెళ్లేవాళ్లకు ఒకటే డౌట్. ఇది పురాణమా? హాలీవుడ్ టైపు సినిమానా? పిల్లలకు, పెద్దవాళ్లకు అర్థమవుతుందా? అంత రేటు పెట్టి మొదటి వారమే చూడాలా? ఇప్పటిదాకా టీమ్ బయటపెట్టిన వివరాలను బట్టి ఒక్కొక్కటిగా చూద్దాం.

డేట్ ఎందుకు మారింది?

మొదట 2024 జనవరి 12 అన్నారు. ఆ సంక్రాంతి డేట్ వదిలేశాక 'గుంటూరు కారం', 'హనుమాన్' అదే రోజు వచ్చాయి. తర్వాత మే 9 అన్నారు. వైజయంతీ మూవీస్‌కు మే 9 అంటే సెంటిమెంట్. 1990లో 'జగదేక వీరుడు అతిలోక సుందరి', 2018లో 'మహానటి', 2019లో 'మహర్షి'.. మూడూ ఆ తేదీనే విడుదలయ్యాయి. కానీ ఈసారి మే 13న రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలింగ్ వచ్చి పడింది. దాంతో ఆ డేట్ కూడా వదులుకొని జూన్ 27కి ఫిక్స్ అయ్యారు.

నిర్మాత అశ్వినీదత్ సంస్థకు ఇది 50వ ఏడాది. దర్శకుడు నాగ్ అశ్విన్‌కు ఇది మూడో సినిమానే. 2015లో 'ఎవడే సుబ్రహ్మణ్యం', 2018లో 'మహానటి' తీశారు. మధ్యలో 2021లో వచ్చిన 'పిట్ట కథలు' ఆంథాలజీలో 'ఎక్స్ లైఫ్' అనే భాగం ఆయనదే. అది కూడా సైన్స్ ఫిక్షనే.

అసలు 2898 ఎక్కడి నుంచి వచ్చింది?

లెక్క సింపుల్. కురుక్షేత్ర యుద్ధం తర్వాత కృష్ణావతారం ముగిసి కలియుగం మొదలైంది క్రీస్తు పూర్వం 3102లో అని మన పంచాంగాల లెక్క. అక్కడి నుంచి క్రీస్తు శకం 2898 వరకు కలిపితే 6 వేల ఏళ్లు. మహాభారతం ముగిసిన చోట మొదలై, 6 వేల ఏళ్ల తర్వాత నడిచే కథ ఇదని నాగ్ అశ్విన్ చెప్పారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. పురాణాల ప్రకారం కలియుగం 4,32,000 ఏళ్లు. కల్కి అవతారం వచ్చేది దాని చివర్లో. అంటే 2898 అనేది దర్శకుడు తన కథ కోసం ఎంచుకున్న ఏడాది, శాస్త్రం చెప్పిన ఏడాది కాదు. ఇంట్లో పెద్దవాళ్లు 'ఇదెక్కడి లెక్క' అంటే ఈ మాట చెప్పొచ్చు.

అశ్వత్థామ కథ తెలియకపోతే ఎలా?

పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే చెప్పాల్సిన కథ ఇదొక్కటే. అశ్వత్థామ ద్రోణాచార్యుడి కొడుకు. పుట్టుకతోనే నుదుటిపై మణి ఉంటుంది. యుద్ధం చివరి రాత్రి పాండవుల శిబిరంలోకి చొరబడి, నిద్రపోతున్న ఉపపాండవులను చంపేస్తాడు. తర్వాత ఉత్తర కడుపులో ఉన్న బిడ్డ మీద అస్త్రం వేస్తాడు. కృష్ణుడు ఆ బిడ్డను బతికిస్తాడు. అతనే పరీక్షిత్తు. అశ్వత్థామ నుదుటి మణి తీసేసి, ఒళ్లంతా పుండ్లతో చావు లేకుండా తిరగమని కృష్ణుడు శపిస్తాడు. భారతంలో ఆ శాపం 3 వేల ఏళ్లు. జనంలో మాత్రం కలియుగం అంతమయ్యేదాకా అనే నమ్మకం ఉంది. సినిమా పట్టుకున్నది ఈ నమ్మకాన్నే.

ఆ అశ్వత్థామగా అమితాబ్ కనిపిస్తారని ఏప్రిల్ 21న వచ్చిన టీజర్‌తో తేలిపోయింది. ఒకప్పుడు కడుపులో బిడ్డను చంపాలని చూసినవాడే ఇప్పుడు గర్భంతో ఉన్న ఒక స్త్రీకి కాపలాగా నిలబడటం ట్రైలర్‌లో కనిపిస్తుంది. కథకు ఆయువుపట్టు ఇదే అనిపిస్తోంది. ఈ కథ తెలిసినవాళ్లకు ఆ సీన్ ఒకలా, తెలియనివాళ్లకు ఇంకోలా ఉంటుంది.

మూడు ప్రపంచాలు

* కాశీ: ప్రపంచంలో మిగిలిన చివరి నగరం. గంగ ఎండిపోయింది. తిండికి, నీళ్లకు జనం అల్లాడుతుంటారు.
* కాంప్లెక్స్: కాశీపైన ఆకాశంలో తలకిందులుగా వేలాడే పిరమిడ్. పచ్చదనం, నీళ్లు, తిండి అన్నీ అక్కడే. కాశీ జనం జీవితమంతా కష్టపడేది అక్కడికి వెళ్లడానికే.
* శంబల: కాంప్లెక్స్‌ను ఎదిరించేవాళ్లు తలదాచుకునే రహస్య చోటు. పురాణాల్లో కల్కి పుట్టే ఊరి పేరు కూడా ఇదే.

ఎవరు ఏ పాత్రలో?

ప్రభాస్ పాత్ర పేరు భైరవ. డబ్బుల కోసం మనుషులను పట్టిచ్చే బౌంటీ హంటర్. రాముడిలాంటి హీరో కాదు, స్వార్థం ఉన్నవాడు. దీపికా పదుకొణె గర్భంతో ఉన్న స్త్రీగా, కమల్ హాసన్ సుప్రీం యాస్కిన్ అనే విలన్‌గా కనిపిస్తారు. దిశా పటానీ, శోభన, పశుపతి, అన్నా బెన్, రాజేంద్రప్రసాద్, బ్రహ్మానందం కూడా ఉన్నారు. సంగీతం సంతోష్ నారాయణన్.

బుజ్జి నిజంగా నడుస్తుందా?

నడుస్తుంది. ఇది గ్రాఫిక్స్ బొమ్మ కాదు. ముందు రెండు భారీ చక్రాలు, వెనక ఒక చక్రం. బరువు దాదాపు 6 టన్నులు. కరెంటు బ్యాటరీతో నడుస్తుంది. 2022 మార్చిలో నాగ్ అశ్విన్ ట్విట్టర్‌లో ఆనంద్ మహీంద్రాను సాయం అడిగారు. ఆయన ఓకే అన్నారు. మహీంద్రా ఇంజినీర్లు, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ కలిసి దీన్ని తయారు చేశారు. బుజ్జికి గొంతు ఇచ్చింది కీర్తి సురేష్.

సినిమాకు ముందు కథ కావాలంటే 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్ ఎపిసోడ్లు మే 31 నుంచి ప్రైమ్ వీడియోలో ఉన్నాయి. థియేటర్‌కు వెళ్లే ముందు పిల్లలకు చూపిస్తే కాశీ, కాంప్లెక్స్ లాంటి పేర్లు కొత్తగా అనిపించవు.

'ఆదిత్య 369' నుంచి ఇక్కడిదాకా

తెలుగులో సైన్స్ ఫిక్షన్ అంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది 1991 నాటి 'ఆదిత్య 369'. సింగీతం శ్రీనివాసరావు బాలకృష్ణను టైమ్ మెషిన్‌లో శ్రీకృష్ణదేవరాయల కాలానికి, అక్కడి నుంచి 2504కి తీసుకెళ్లారు. ఆ సినిమా సూపర్ హిట్. కానీ ఆ దారిలో వరుసగా సినిమాలు రాలేదు. 2018లో 'అంతరిక్షం', 2022లో 'ఒకే ఒక జీవితం'.. ఇలా అప్పుడొకటి ఇప్పుడొకటి. తమిళంలో శంకర్ 2010లో 'రోబో', 2018లో '2.0' తీసి పెద్ద మార్కెట్ తెచ్చారు. కల్కి టీమ్‌కు మెంటార్‌గా ఉన్నది మళ్లీ ఆ సింగీతమే కావడం విశేషం.

అందుకే గురువారం తేలేది ఒక్క ప్రభాస్ సినిమా రిజల్ట్ మాత్రమే కాదు. ఇంత డబ్బు పెట్టి, రీమేక్ కాని కొత్త కథతో, భవిష్యత్తును తెలుగులో ఊహిస్తే జనం వస్తారా అన్నది తేలుతుంది. గతేడాది 'ఆదిపురుష్' గ్రాఫిక్స్‌పై వచ్చిన విమర్శలు ప్రేక్షకులు ఇంకా మర్చిపోలేదు. డిసెంబర్‌లో వచ్చిన 'సలార్'తో ప్రభాస్ మళ్లీ మాస్‌ను మెప్పించారు. ఇప్పుడు గ్రాఫిక్స్ మీదే నిలబడే సినిమాతో వస్తున్నారు. విజువల్స్ తేలిపోతే ఇలాంటి కథలకు మళ్లీ డబ్బు పెట్టే నిర్మాత దొరకడం కష్టం. నిలబడితే మాత్రం కొత్త దర్శకుల దగ్గరున్న ఇలాంటి స్క్రిప్టులకు తలుపులు తెరుచుకుంటాయి.

టికెట్ రేట్లు ఎంత?

తెలంగాణలో జూన్ 27 నుంచి జులై 4 వరకు 8 రోజులు రేట్లు పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. జీఎస్టీతో కలిపి చూస్తే..

* సింగిల్ స్క్రీన్: గరిష్ఠంగా రూ.265
* మల్టీప్లెక్స్: గరిష్ఠంగా రూ.413
* గురువారం ఉదయం 5.30 బెనిఫిట్ షో: సింగిల్ స్క్రీన్ రూ.377, మల్టీప్లెక్స్ రూ.495

ఆంధ్రప్రదేశ్‌లో అయితే సింగిల్ స్క్రీన్లలో రూ.75, మల్టీప్లెక్సుల్లో రూ.125 చొప్పున 14 రోజులు పెంచుకోవచ్చు.

ఇంట్లో నలుగురు మల్టీప్లెక్స్‌కు వెళ్తే టికెట్లకే రూ.1,652. 3డీ కళ్లద్దాలు, పాప్‌కార్న్, బండి పెట్రోలు దీనికి అదనం. జులై 5 తర్వాత పాత రేటు రూ.295కి వస్తే అదే నలుగురికి రూ.1,180. అంటే వారం ఆగితే రూ.472 మిగులుతుంది. అయితే ఈలోగా సోషల్ మీడియాలో కథంతా బయటకు వచ్చేస్తుంది. స్పాయిలర్లు పట్టించుకోనివాళ్లు హాయిగా ఆగొచ్చు.

ఏ షో, ఏ స్క్రీన్?

సినిమా నిడివి 3 గంటలకు ఒక నిమిషం అటూఇటూ. ఇంటర్వెల్, యాడ్స్ కలిపితే 5.30 షో అయ్యేసరికి 9 గంటలు కావొస్తుంది. మంఖాల్, తుక్కుగూడ, శంషాబాద్ వైపు ఎయిర్‌పోర్టులో, కంపెనీల్లో షిఫ్ట్ డ్యూటీ చేసేవాళ్లు వెళ్లి వచ్చే టైమ్ కూడా చూసుకొని బుక్ చేసుకోవడం మంచిది. మార్నింగ్ షిఫ్ట్ ఉన్నవాళ్లకు బెనిఫిట్ షో కుదరదు.

ఫస్ట్ షో, సెకండ్ షో అనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. గురువారం రాత్రి 8 గంటలకు టీ20 ప్రపంచకప్ సెమీస్‌లో భారత్, ఇంగ్లండ్ మ్యాచ్ ఉంది. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకు ఉదయం, మధ్యాహ్నం షోలే బెటర్.

పోస్టర్ల మీద ఐమ్యాక్స్ అని ఉన్నా ప్రస్తుతం హైదరాబాద్‌లో ఐమ్యాక్స్ స్క్రీన్ లేదు. పెద్ద తెర మీద చూడాలంటే ప్రసాద్స్‌లోని పీసీఎక్స్ ఉంది. చిన్నపిల్లలకు మూడు గంటలు 3డీ కళ్లద్దాలు పెట్టుకోవడం ఇబ్బందే కాబట్టి వాళ్లతో వెళ్లేవాళ్లు 2డీ షో చూసుకుంటే మేలు. సర్టిఫికెట్ యూ/ఏ. అంటే పిల్లలను తీసుకెళ్లొచ్చు, కానీ ఫైట్లు, హింస ఉంటాయని తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాలి.

ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు 2డీనా 3డీనా, తెలుగా హిందీనా అని ఒకటికి రెండుసార్లు చెక్ చేయండి. ఒకే మల్టీప్లెక్స్‌లో రెండు భాషల షోలూ ఉండొచ్చు.