గోదావరికి రెండు గట్లు, కెమెరాకు రెండు నీతులు

ఫోన్లలోకి యాప్‌లు వచ్చాక ఫొటోల్లో నిజం పోయిందనే మాట ఎక్కడ చూసినా వినబడుతోంది. భద్రాచలం కరకట్ట మీద సెల్ఫీ దిగిన కుర్రాడు బస్సెక్కేలోపే స్నాప్‌సీడ్‌లో వెలుతురు సవరిస్తాడు. పిక్స్‌ఆర్ట్‌లో వెనకున్న జనాన్ని చెరిపేస్తాడు. మబ్బు పట్టిన ఆకాశం తీసేసి ఎర్రటి సాయంత్రం అతికించి స్టేటస్ పెట్టేస్తాడు. మా రోజుల్లో ఫొటో అంటే ఉన్నది ఉన్నట్టు వచ్చేదని పెద్దలు నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పుకు చరిత్రలో ఆధారం చాలా తక్కువ. ఫొటోకు మెరుగులు దిద్దడం దాదాపు ఫొటో అంత పాతది. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున మారింది వేరొకటి: ఆ మెరుగు ఎవరికి దక్కుతుంది, ఎవరి చేతి మీదుగా దక్కుతుంది అన్నది. డబ్బిచ్చి ఫొటో దిగినవాళ్లకు మెరుగు దక్కింది. అడక్కుండా వచ్చి ఎవరో తీసుకెళ్లిన ఫొటోల్లోని మనుషులకు ‘ఉన్నది ఉన్నట్టు’ మాత్రమే మిగిలింది. చాలాకాలం నడిచిన ఈ లెక్క ఫోనుతో తప్పింది. యాప్‌లను తిట్టేముందు ఈ సంగతి చూడాలి.

ఫొటో తీసే విద్య 1839లో పారిస్‌లో లోకానికి వెల్లడైంది. పదహారేళ్లు తిరక్కుండానే, 1855 పారిస్ ప్రదర్శనలో మ్యూనిక్‌కు చెందిన ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టెంగల్ నెగెటివ్ మీదే దిద్దే పద్ధతిని జనానికి చూపించాడు. మన ఊళ్ల స్టూడియోల్లో టచింగ్ అన్నది దీన్నే. పనిముట్లు పెద్దగా ఉండవు. ఏటవాలు బల్ల, దాని మధ్యలో గాజు పలక, కింద ఒక అద్దం. కిటికీలోంచి వచ్చిన వెలుతురు అద్దం మీద పడి నెగెటివ్ గుండా పైకి వస్తుంది. పెన్సిలు జారకుండా నెగెటివ్ మీద మీడియం అనే జిగురు ద్రవాన్ని పలచగా రుద్దుతారు. తర్వాత సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో కళ్ల కింద గుంటల్లో, మశూచి మచ్చల్లో, నుదుటి ముడతల్లో కనీ కనిపించని చుక్కలు పెట్టుకుంటూ పోతారు. ఇందులో ఒక కిటుకు ఉంది. నెగెటివ్‌లో నల్లనైనది ప్రింటులో తెల్లనవుతుంది. అందుకని పెన్సిలు ఎక్కడ తగిలినా ఆ చోటు తెల్లబడటమే తప్ప నల్లబడదు. నల్లబరచాలంటే కత్తిమొనతో పొరను గీకాలి, చెయ్యి తప్పితే నెగెటివ్ పాడైపోతుంది. కాబట్టి చేతికి సులువైన దారి ఒక్కటే, ముఖాన్ని తెల్లబరిచే దారి. దానికో సాకు కూడా ఉండేది. ఆనాటి ప్లేట్లకు ఎరుపు రంగు అందేది కాదు. చామనచాయ మనిషి కంటికి కనిపించేదానికన్నా నల్లగా పడేవాడు. అంటే టచింగ్ కొంతవరకు యంత్రం చేసిన అన్యాయాన్ని సరిదిద్దే పని. అన్ని రంగులూ పట్టే పాంక్రొమాటిక్ ఫిల్ము వచ్చాక ఆ సాకు పోయింది. అలవాటు మాత్రం పోలేదు.

ఇక మన నేలకు వద్దాం. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి విడిపోయి మద్రాసు ప్రెసిడెన్సీలో కలిశాయి. అప్పట్నుంచి భద్రాచలం దగ్గర గోదావరికి ఎడమ గట్టు మద్రాసు తెల్లదొరలది, కుడి గట్టు నిజాముది. నిజాము రాజధానిలో కెమెరా అంటే దర్జా. లాలా దీన్‌దయాళ్ 1880ల్లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు, 1892లో పరదా ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. నవాబుల, జమీందార్ల ఫొటోలకు చెక్కిళ్ల మీద గులాబీ రంగు, తలపాగాకు బంగారు పూత, నగలకు మెరుపు వేయడం ఆ కాలపు పెద్ద స్టూడియోల్లో మామూలు పని. దాన్ని అబద్ధమని ఎవరూ అనలేదు. మద్రాసు వైపు కెమెరా తీరు వేరు. 1868–75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వచ్చిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ దేశంలోని కులాలను, తెగలను ఫొటోల్లో వరుసపెట్టి జాబితా కట్టింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ తలల కొలతలు, ముక్కుల కొలతలు తీసి, 1909లో ఏడు సంపుటాల ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ వేశాడు. కోయల గురించిన అందులోని భాగానికి దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ రాతలే చాలావరకు ఆధారం. ఇలాంటి పుస్తకాల్లో నిలబెట్టిన మనిషికి తరచుగా పేరుండదు, తెగ పేరే ఉంటుంది. గులాబీ రంగు ఊసే లేదు. మెరుగు పెట్టకపోవడం అక్కడ నిజాయితీ కోసం కాదు. మనిషిని నమూనాగా చూపడానికి ముడతా మచ్చా అలాగే ఉండాలి మరి.

ఈ రెండు తీర్లను విడదీసే గీత నది వెంట మాత్రమే ఉందనుకుంటే పొరపాటు. 1940ల మొదట్లో ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ నిజాము వైపే, పాపికొండల్లో కొండరెడ్ల మధ్య పనిచేశాడు. 1945లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ గోదావరి పొడవునా కలప కాంట్రాక్టర్లు కొండరెడ్లను ఎలా పీల్చి పిప్పి చేశారో దాపరికం లేకుండా చెప్పింది. ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఆయన ఫొటోలకు ఇవాళ విలువ ఉన్నది దిద్దకపోవడం వల్లనే కదా? గుడిసె కప్పు ఎలా ఉండేదో, ఆడవాళ్లు ఏ పూసలు వేసుకునేవారో వాటిని చూసే కదా చెబుతున్నాం? నిజమే, కాదనను. కానీ ఆ విలువలో సగం ఫొటోది కాదు, ఫొటో వెంట నడిచిన రాతది. ఎక్కడ తీసింది, ఎప్పుడు తీసింది, ఎవరి మధ్య తీసింది రాసిపెట్టడం వల్ల, నెగెటివ్‌లు చెక్కుచెదరకుండా లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయానికి చేరడం వల్ల వచ్చిన విలువ అది. పైగా ఎవర్ని నిలబెట్టాలో, ఎంత దగ్గరగా వెళ్లాలో, ఏది చట్రం బయట వదలాలో కెమెరా పట్టుకున్నవాడే తేల్చాడు. ముఖం మీద పెన్సిలు పడలేదు, అంతే. ఎంపిక మాత్రం జరిగింది, అది ఆ కొండరెడ్డి చేతిలో లేదు.

బొమ్మను దిద్దడం, లేనివాళ్లను తెచ్చి ఉన్నవాళ్ల పక్కన నిలపడం ఈ అడవికి బయటినుంచి వచ్చిన చెడు అలవాటు కూడా కాదు. కోయల ఇలవేల్పుల కొలుపుల్లో పడిగెలు ఉంటాయి. గుడ్డ మీద బొమ్మలతో వంశం కథ అంతా ఒకచోట చేరుతుంది. కోయల్లో గట్టు అంటే గోత్రం, నది గట్టు కాదు; ఏ గట్టు వాళ్ల పడిగె ఆ గట్టుకు ఉంటుంది, డోలు వాయిస్తూ కథ చెప్పేవాళ్లు దాన్ని చదివి వినిపిస్తారు. తరాల తేడా ఉన్న పూర్వీకులు ఒకే గుడ్డ మీద కొలువుంటే, వీళ్లంతా ఒకే రోజు ఒకే చోట ఉన్నారా అని ఎవరూ అడగరు. ఆ కథలను గొంతులో నిలుపుకున్న మణుగూరు ప్రాంతపు డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత రెండేళ్లకే ఆయన పోయాడు. పట్నం స్టూడియో చేసిన పని దీనికి ఎంతో దూరం కాదు. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయిన ఇల్లాలు, తన ఫొటోనూ భర్త పాత గ్రూపు ఫొటోనూ తెచ్చి ఇద్దర్నీ కలిపి పటం కట్టమని అడిగేది. కత్తిరించి, అతికించి, అంచులు కనబడకుండా కుంచెతో పూసి, మళ్లీ ఫొటో తీసి పెద్దది చేసి ఇచ్చేవారు. మధ్యప్రదేశ్‌లోని నాగదా పట్టణం మీద మానవశాస్త్రవేత్త క్రిస్టఫర్ పిన్నీ 1997లో ప్రచురించిన పరిశీలన కూడా ఇదే చెబుతుంది. అక్కడివాళ్లు స్టూడియోకు వెళ్లేది తమకన్నా మెరుగ్గా కనబడేందుకే. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన తెరుచుకున్నాక అవతలి గట్టుకు దారులు సులువయ్యాయి, బజారుతో పాటే స్టూడియో కూడా దగ్గరైంది. కానీ అడవి లోపలి ఊళ్లకు ఫొటో ఎక్కువగా సర్కారు రూపంలోనే వెళ్లింది. 1993లో ఎన్నికల సంఘం ఓటరు గుర్తింపు కార్డు పెట్టింది. తెల్ల గుడ్డ ముందు కూర్చోబెట్టి తీసే ఆ ఫొటోలో ఎవరి ముఖం ఎలా వచ్చిందో అడిగే దిక్కు లేదు. ఆ కార్డులు చూసినవాళ్లెవరూ ఉన్నది ఉన్నట్టు వచ్చిందని మాత్రం అనరు.

మరి పాత ఫొటోలు నిజాయితీగా ఉండేవన్న జ్ఞాపకం ఎక్కణ్నుంచి వచ్చింది? అది పూర్తిగా ఊహ కాదు. టచింగ్ పెన్సిలు పెద్ద నెగెటివ్ మీదే పనిచేస్తుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ముఖం గింజంత ఉంటుంది, దాని మీద చుక్క పెట్టడం ఎవరి తరమూ కాదు. రంగుల ఫిల్ము వచ్చేసరికి నల్ల పెన్సిలు పనికిరాకుండా పోయింది, కడగడం, ప్రింటు వేయడం పట్నంలోని కలర్ ల్యాబుల చేతికి వెళ్లిపోయాయి. దాదాపు 1980ల నుంచి 2000 దాకా మామూలు ఇళ్ల ఫొటోలకు దిద్దుబాటు అందని రెండు దశాబ్దాలు నడిచాయి. ఎర్ర కళ్లు, సగం మూసిన కళ్లు, ఫ్లాష్ పడి పాలిపోయిన ముఖాలు ఆ ఆల్బమ్‌ల నిండా ఉంటాయి. ఇవాళ యాభై దాటినవాళ్లకు ఫొటో అంటే ఆ ఆల్బమే. అంతకుముందు వందేళ్లు దిద్దారు, ఆ తర్వాతా దిద్దారు. 1990లో మార్కెట్‌లోకి వచ్చిన ఫొటోషాప్ పదేళ్లు గడిచేసరికి చిన్న పట్నాలకూ పాకి, పెళ్లి ఆల్బమ్‌లు కరిజ్మా ఆల్బమ్‌లయ్యాయి. మండపంలో కూర్చున్న వధూవరులు పేజీ తిప్పితే స్విట్జర్లాండ్ మంచులో తేలారు. అప్పుడు ఎవరూ నిట్టూర్చలేదు, అడ్వాన్సు ఇచ్చి మరీ చేయించుకున్నారు. అభ్యంతరం మొదలైంది అదే పని పిల్లలు పైసా ఖర్చు లేకుండా సొంతంగా చేసుకోవడం మొదలెట్టాకే.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా కారుచౌక అయ్యాక ఆ పని చర్ల, వెంకటాపురం వైపు ఊళ్లకూ చేరింది. అసలు ఫోన్లో ‘దిద్దని ఫొటో’ అనేదే దొరకదు. మీట నొక్కినప్పుడు ఫోను చాలాసార్లు ఒకటి కాదు, వరసగా కొన్ని ఫొటోలు తీసి, నీడలు ఒకదాన్నుంచి, వెలుగులు మరోదాన్నుంచి తీసుకుని కలిపేస్తుంది. మనం యాప్ తెరవకముందే ఒక చెయ్యి పడిపోయింది. కాబట్టి అడగాల్సింది దిద్దారా లేదా అని కాదు, దిద్దిన తీర్పు ఎవరిది అని. పడిగెలో అది ఆ గట్టువాళ్లది, స్టూడియోలో డబ్బిచ్చినవాడిదీ టచింగ్ చేసేవాడిదీ, థర్‌స్టన్ పుస్తకంలో థర్‌స్టన్‌ది. ఫోన్లో తొలిసారి ఫొటోలోని మనిషికే తన ముఖం మీద మాట చెల్లే వీలొచ్చింది. కోయ పిల్ల తన ఫొటోకు తనే వెలుతురు పెట్టుకోవడం చిన్న సంగతేమీ కాదు.

అయితే ఆ వీలును సగం మళ్లీ లాక్కునేది కూడా యాపే, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. బ్యూటీ అని ఒక్క మీట ఉంటుంది. అది నొక్కగానే చర్మం తెల్లబడుతుంది, ముక్కు సన్నబడుతుంది, దవడ కోసుకుపోతుంది. ఆ కొలతలు ఎక్కడో కూర్చుని ఎవరో ముందే పెట్టినవి. థర్‌స్టన్ కొలపట్టీ ముక్కును కొలిచి వదిలేసింది, ఇది కొలిచి కోసి సరిచేస్తుంది. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో బ్యూటీప్లస్ వంటివీ ఉన్నాయి. నిషేధం దేశ భద్రత పేరున వచ్చింది, ఈ తెలుపు పిచ్చిని చూసి కాదు. ఖాళీ అయిన చోటికి అదే పనిచేసే వేరే యాప్‌లు వచ్చి కూర్చున్నాయి. పెన్సిలుకు తెల్లబరచడం తప్ప గత్యంతరం లేదు, దానికి ఆ మాత్రం క్షమాపణ ఉంది. యాప్‌కు లేదు. అందులో వెలుతురును సవరించే స్లైడర్ అటూ ఇటూ రెండు వైపులా జరుగుతుంది. నీడను పెంచొచ్చు, చామనచాయను చామనచాయగానే నిగనిగలాడించొచ్చు. ఒకే వైపు జరుపుతున్నామంటే అది సాధనం తప్పు కాదు, వందేళ్ల టచింగ్ మనకు నేర్పిన రుచి తప్పు.

చివరి అభ్యంతరం సాక్ష్యం గురించి. ఎవరైనా దేన్నైనా మార్చగలిగితే ఫొటోను ఇంకెవరు నమ్ముతారు? ఉపాధి హామీ అనుభవం చూడండి. 2023 జనవరి 1 నుంచి పనుల్లో రోజుకు రెండుసార్లు ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో జియోట్యాగ్ ఫొటో తీసి కూలీల హాజరు వేయడం తప్పనిసరి చేశారు. రెండేళ్లు తిరిగేసరికి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే మోసాల జాబితా విడుదల చేయాల్సి వచ్చింది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కించడం, ఫొటోనే మళ్లీ ఫొటో తీసి పెట్టడం లాంటివి అందులో ఉన్నాయి. వాటిలో ఫిల్టరు లేదు, కుంచె లేదు. మోసం చేసేవాడికి ఎడిటింగ్ అక్కర్లేదని, సాక్ష్యాన్ని నిలబెట్టేది ఎడిట్ చేయకపోవడం కాదని ఇంతకన్నా రుజువు ఏం కావాలి? సాక్ష్యాన్ని నిలబెట్టేది అసలు ప్రతి, దాని వెంట ఉన్న వివరం. పాత స్టూడియోవాళ్లు నెగెటివ్‌ను కవరులో పెట్టి నెంబరు వేసి దాచేవారు. పదేళ్ల తర్వాత నెంబరు చెప్పినా ఇంకో కాపీ ఇచ్చేవారు. ఇవాళ మనకు పోతున్నది అదే. వాట్సాప్‌లో పంపిన ఫొటో చిక్కిపోయి, తీసిన తేదీ, చోటు వివరాలు వదిలేసుకుని చేరుతుంది. ఫోను పోతే అసలుదీ పోతుంది.

అందుకని ఒక్క మనవి. ముఖానికి ఎంత వెలుతురైనా పెట్టుకోండి. అసలు ప్రతిని వేరే ఫోల్డర్‌లో ఉంచి, ఊరు, సంవత్సరం, అందులో ఉన్నవాళ్ల పేర్లు రాసిపెట్టండి. ఖమ్మం, కొత్తగూడెం, ఇల్లందు, భద్రాచలం పాత స్టూడియోల్లో నెగెటివ్ పెట్టెలు ఇంకా అటక మీద మిగిలి ఉంటే, వాటిలోని వెండి కోసం వచ్చేవాళ్లకు తూకానికి వేయకండి. భద్రాచలం ఐటీడీఏ ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది. అక్కడ విల్లంబులు, డోళ్ల పక్కన ఆ పెట్టెలకూ ఒక అల్మారా కావాలి.