ప్రకటన గ్రంథము - తెలుగు పఠనము

హౌరాకు నైఋతిదిశగా సుమారు 115 కిలోమీటర్ల దూరమున నున్న ఖరగ్‌పూరు బెంగాల్ నాగపూరు రైల్వేతోపాటు పెరిగిన పట్టణము. శ్రీకాకుళ, విశాఖ ప్రాంతముల నుండి రైల్వే పనులకై తరలివచ్చిన తెలుగువారు తరతరములుగా అక్కడ స్థిరపడియున్నారు. రైల్వే కర్మాగారమునకు తోడు నేడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ కూడ అక్కడ వెలసినది. ఆ పట్టణమున తెలుగు బైబిలు చదువుకొను క్రైస్తవులును గలరు. వారి చేతనున్న గ్రంథమునకు వంగదేశముతో గల సంబంధము ఆ రైలుబాటకంటె ఎనుబది యేండ్లు పూర్వపుది.

18వ శతాబ్దమున బెంజమిన్ షుల్జ్ చేసిన తెలుగు అనువాదము వ్రాతప్రతిగానే నిలిచిపోయినది. 1805లో విశాఖపట్టణము చేరిన జార్జి క్రాన్, ఆగస్టస్ దే గ్రాంజి అను లండన్ మిషనరీలు ఆనందరాయరు సాయముతో సువార్తల అనువాదమునకు పూనుకొనిరి. వానిలో మూడు 1812లో హుగ్లీ తీరమందలి శ్రీరామపురమున అచ్చయినవి. ఆ సంవత్సరము మార్చి నెలలోనే అక్కడి ముద్రణాలయము అగ్నిపాలై అచ్చక్షరములు, వ్రాతప్రతులు పెక్కు నశించినవి. అయినను పని ఆగలేదు. 1818లో విలియం కేరీ వర్గమువారి తెలుగు క్రొత్త నిబంధన అచ్చటనే వెలువడినది. దాని చివరి గ్రంథమైన యోహాను దర్శనము అట్లు తెలుగు పాఠకుని యెదుట నిలిచినది.

గ్రంథము నెట్లు చదువవలెనో దాని పేరే కొంత నిర్ణయించును. గ్రీకున 'అపోకలుప్సిస్' అనగా ముసుగు తొలగించుట. ప్రకటమనగా వెల్లడియైనది, కావున 'ప్రకటన' అను పేరు తప్పుకాదు. కాని వాడుకలో ఆ మాట చాటింపునకు దగ్గరయినది. పేరు వినగానే పాఠకుడు జరుగబోవు సంగతుల పట్టికకై ఎదురుచూచును. పైగా తెలుగువాని చెవి పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానమునకు అలవాటుపడినది. చెప్పినది జరిగినదా లేదా అని సరిచూచుటయే కాలజ్ఞానముపై రచ్చబండ విమర్శ. ఆ కొలమానమే ప్రకటన గ్రంథమునకును సంక్రమించినది.

ఈ తేదీల వ్యామోహము తెలుగువారికే పరిమితము కాదు. అమెరికాలో విలియం మిల్లరు బోధను నమ్మినవారు 1844 అక్టోబరు 22న క్రీస్తు రాకడకై వేచి నిరాశపడిరి. వ్యాఖ్యానము లెక్కగా మారినపుడు అడుగంటునది కావ్యార్థము. ఇందుకు తెలుగు పాఠమునుండియే ఒక నిదర్శనము చూపవచ్చును.

ఎనిమిదవ అధ్యాయమున ఆకాశమునుండి రాలి నదులను, నీటిబుగ్గలను చేదుచేయు నక్షత్రమునకు తెలుగు బైబిలు 'మాచిపత్రి' అని పేరు పెట్టినది. మూలమందలి 'అప్సింథోస్' ఆ జాతి మొక్కయే గనుక వృక్షశాస్త్రరీత్యా అనువాదము ఉచితము. కాని వినాయకచవితినాటి ఏకవింశతి పత్రపూజలో మొదటి పత్రి అదియే. ఒకచోట మంగళమైన ఆకు మరియొకచోట మృత్యువునకు పేరైనది. 1986లో చెర్నోబిల్ అణుకేంద్రము ప్రేలినపుడు, ఆ ఊరి పేరును ఈ జాతి మొక్కదే యని గమనించి పెక్కుమంది ఆ నక్షత్రము రాలినదనిరి. మొక్క కుదిరినది, అర్థము జారిపోయినది. హీబ్రూ ప్రవక్తల వాడుకలో ఆ చేదు అన్యాయమునకు గుర్తు. న్యాయమును ఆ చేదుమొక్కగా మార్చినవారిని ఆమోసు ప్రవక్త నిందించెను. యోహాను దర్శనమున చేదైనది నీరు. దాని వెనుక నున్నది చేదైన ధర్మము.

'ఘటసర్పము' అను పదమును ఇట్టిదే. రాజులనే సవాలుచేయు ప్రళయసర్పమునకు వాడిన ఈ సమాసము, కుండలో పాము నుంచి చేయించు సత్యపరీక్షను స్ఫురింపజేయును. పందొమ్మిదవ అధ్యాయమందలి శ్వేతాశ్వారూఢుని చూచి కల్కిని తలపనివా రరుదు. పోలిక సహజమే, కాని కల్కి పిమ్మట కృతయుగము మరల వచ్చును, కాలచక్రము తిరుగుచుండును. యోహాను చెప్పు నూతన ఆకాశము, నూతన భూమి మరల పాతబడునవి కావు. ఆ రౌతు ఖడ్గము చేతిలో లేదు, నోటినుండి వెడలుచున్నది. అనగా అతని ఆయుధము వాక్కు.

ఈ ప్రతీకలకు తాళపుచెవి చరిత్రలో నున్నది. డొమీషియను చక్రవర్తి కాలమున, సుమారు 95లో, ఈ గ్రంథము పుట్టినదని పెక్కుమంది పండితుల మతము. ఏడు కొండలమీద కూర్చున్న బబులోను రోమానగరమే. 666 అను సంఖ్య నీరో కైసరు పేరును హీబ్రూ లిపిలో వ్రాసి కూడిన వచ్చును. కొన్ని ప్రాచీన ప్రతులందలి 616 అదే పేరును లాటిను ఉచ్చారణను బట్టి వ్రాసిన వచ్చును. కటపయాది సంఖ్య నెఱిగినవారికి ఇది వింత కాదు. ఏలినవారిని పేరుపెట్టి నిందింపరాని కాలపు భాష యిది. వ్రాసినవాడు పత్మాసు ద్వీపమున నున్న ప్రవాసి. సామ్రాజ్యము తన ప్రతికక్షులను దూరముగా బంధించుట ఖరగ్‌పూరునకు పుస్తకములలోని మాట కాదు. ప్రక్కనే యున్న హిజ్లీ నిర్బంధ శిబిరమున 1931 సెప్టెంబరు 16న జరిగిన కాల్పులలో ఇద్దరు రాజకీయ ఖైదీలు నేలకూలిరి.

అయినను రోమును గుర్తించుటతో వ్యాఖ్యానము ముగియదు. అయిదవ అధ్యాయమున యోహానునకు వినవచ్చినది సింహము వచ్చినదను మాట. తల యెత్తి చూడగా కనబడినది వధింపబడిన గొఱ్ఱెపిల్ల. విన్నదానిని చూచినది తలక్రిందులు చేసినది. బలమే జయమనుకొను సామ్రాజ్యభావనకు గ్రంథము చెప్పిన ప్రత్యుత్తర మంతయు ఈ యొక్క మలుపున నున్నది.

పదునెనిమిదవ అధ్యాయమున వర్తకులు బబులోను పతనమునకు దుఃఖింతురు. కొనువారు లేక నిలిచిపోయిన సరకుల పట్టికలో బంగారము, ముత్యములు, పట్టు, దంతము, ఇనుము, గోధుమలు వరుసగా వచ్చును. రోముతో వ్యాపారము చేసినవారిలో ఆంధ్రతీరమువారును గలరు. పెరిప్లస్ అను గ్రీకు నౌకాయాన గ్రంథము మసాలియా వస్త్రములను పేర్కొన్నది. ఆంధ్రదేశమున రోమక నాణెములు దొరకినవి. ఆ పట్టిక చివర నున్నవి నరుల శరీరములు, ప్రాణములు. మనుష్యుడు కూడ సరకైన చోట తీర్పు తప్పదనుటయే ఆ వరుసకు అర్థము.

శ్రీశ్రీ 'మహాప్రస్థానము'న 'జగన్నాథుని రథచక్రాలు' చదివిన తెలుగు పాఠకుడు ఆ చక్రములు ఏ తేదీన కదలునని అడుగడు. సంఘము త్రోసివేసినవారికి అందిన అభయముగా దానిని గ్రహించును. యోహాను దర్శనము కోరునదియు ఆ పాఠకునే. కాలజ్ఞానముకంటె ఆ కవితయే దానికి తెలుగున దగ్గరి చుట్టము.

తెలుగున ఈ గ్రంథమునకు కొఱతపడునది తేదీల గణితము కాదు. ప్రతి పదమునకు ప్రవక్తల వాడుకను, రోమక చరిత్రను, ఆ పదమునకు తెలుగు సంప్రదాయమున గల స్ఫురణను కలిపి చెప్పు వ్యాఖ్యానము కావలెను. కూలికై సొంతయూరు విడిచివచ్చి, ఇనుము నడుమ పనిచేయు శ్రామికునకు ఆ సరకుల పట్టిక చివరి మాటను వ్యాఖ్యాత విడమరచి చెప్పవలసియున్నది. అది చెప్పినచో మిగిలిన మృగములు, ముద్రలు, బూరలు వానంతట అవియే అర్థమగును.