వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్, శాన్ హోసేలో జూనియర్ కాలేజీ

బే ఏరియా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు పన్నెండో క్లాసుకొచ్చేసరికి ఓ గుసగుస మొదలవుతుంది. "వాళ్ళబ్బాయి డి ఆంజాలో చేరాడట" అని. గొంతు తగ్గించి మరీ చెప్తారు, అదేదో జబ్బయినట్టు. ఆ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వొచ్చు, లేదా కార్ల రిపేరో నర్సింగో నేర్చుకుని పనిలో చేరొచ్చు. ఫీజూ తక్కువే. ఇందులో నామోషీ ఏంటో నాకర్థం కాదు. ఇదే తగువు మా నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో టెన్త్ రిజల్ట్స్ రాగానే తరాలుగా నడుస్తోంది: ఇంటరా, పాలిటెక్నిక్కా?

కాలిఫోర్నియా వాళ్ళు 1960లో ఓ మాస్టర్ ప్లాన్ రాసుకున్నారు. జూనియర్ కాలేజీ తలుపు అందరికీ తెరిచే ఉంటుంది, అక్కడ బాగా చదివినవాడికి యూనివర్సిటీ మూడో ఏడులో చోటు. అదే ఏడాది బర్టన్ క్లార్క్ అనే సోషియాలజిస్టు శాన్ హోసే జూనియర్ కాలేజీని చూసి ఓ చేదు నిజం రాశాడు. ట్రాన్స్‌ఫర్ ఆశతో చేరినవాళ్ళలో చాలామంది వెళ్ళలేరు, కాలేజీయే వాళ్ళ ఆశని మెల్లమెల్లగా చల్లార్చి పని కోర్సులవైపు మళ్ళిస్తుంది అని.

మన దగ్గర ఆ చల్లార్చే శ్రమ కూడా పెట్టుకోలేదు. రెండు దార్ల మధ్య గోడే కట్టేశారు.

వనపర్తి చూశారా? (2016 నుంచి వేరే జిల్లా, అప్పట్లో మహబూబ్‌నగరే.) అక్కడ సంస్థానం ప్యాలెస్‌లో నడిచేది కె.డి.ఆర్. పాలిటెక్నిక్. రాజా కృష్ణదేవరావు పేరు మీద పెట్టారు. రాజుగారి దర్బారున్న చోట సర్వే చెయిన్లు, డ్రాయింగ్ బోర్డులు! ఆ రోజులకి అది సరైన లెక్కే. నాగార్జునసాగర్‌కి 1955లో, శ్రీశైలానికి 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. డ్యాములకి, కాలవలకి, రోడ్లకి ఓవర్సీర్లు కావాలి. రాళ్ళెత్తడానికి మాత్రం పాలమూరు లేబర్ ఉండనే ఉంది, దేశం మొత్తానికీ. ఎల్.సి.ఇ. చదివినవాడు ఆ తట్టకీ ఇంజనీరుకీ మధ్య నిలబడేవాడు.

వానమీద బతికే ఇంట్లో లెక్క సులువు. డిప్లొమా మూడేళ్ళు, తర్వాత జీతం. డిగ్రీకైతే మరో రెండేళ్ళు ఎక్కువ, పైగా ఉద్యోగం గ్యారంటీ లేదు. యూనివర్సిటీ అంటే ఉస్మానియానే. నల్లగొండకి సొంత యూనివర్సిటీ 2007లో, పాలమూరుకి 2008లో వచ్చాయి. 2001 జనగణనలో కూడా మహబూబ్‌నగర్ అక్షరాస్యత 44 శాతమే మరి.

గోడ ఎక్కడుందంటే, ఒక్క అక్షరంలో. డిప్లొమావాడు ఏఈ, డిగ్రీవాడు ఏఈఈ. మా మేనమామ ఈ అక్షరం కోసమే పగలు సైటు మీద తిరిగి, రాత్రి లాంతరు పెట్టుకుని ఏఎంఐఈ పరీక్షలకి చదివేవాడు. సెక్షన్ ఎ, సెక్షన్ బి, ఒక్కో పేపరూ ఒక్కో యుద్ధం. కాలేజీ లేదు, లెక్చరర్ లేడు. (2013 మే తర్వాత చేరినవాళ్ళకి ఆ డిగ్రీ గుర్తింపు కూడా లేదు, ఆ దారీ మూసేశారు.) ఇంటర్ లేనివాళ్ళకి 1982లో మొదలైన ఓపెన్ యూనివర్సిటీ ఎలిజిబిలిటీ టెస్టుతో డిగ్రీ ఇచ్చింది. అది మాత్రం నిజంగా మంచి పని.

అసలు తలుపు ఈసెట్. డిప్లొమా చేసినవాడు ఇంజనీరింగ్ రెండో ఏడులో నేరుగా చేరొచ్చు. అచ్చం ట్రాన్స్‌ఫరే. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా తోడయ్యేసరికి ఊళ్ళోవాళ్ళ లెక్క మారిపోయింది. క్లార్క్ చెప్పినదానికి పూర్తిగా తిరగేసి జరిగింది. అక్కడ ట్రాన్స్‌ఫర్ కోసం వచ్చి పనిలోకి పోయారు, ఇక్కడ పని కోసం పెట్టిన కోర్సులో చేరి ఈసెట్ కోచింగుకి పోతున్నారు. తలుపు తెరవడం నూటికి నూరుపాళ్ళు న్యాయం. కానీ డిప్లొమాతోనే ఆగి పని చేసుకుందాం అనుకునే పిల్లాడికి దాంతో విలువ తగ్గింది. "ఏరా, ఈసెట్ రాలేదా?" అనేగా అడుగుతారు?

ఈసెట్ దాటి మన కంపెనీల దాకా వచ్చినా ఇంకో చిక్కుంది. కొన్ని ఆన్‌లైన్ అప్లికేషన్లలో పన్నెండో తరగతి మార్కులు తప్పనిసరి, డిప్లొమాకి వేరే గడి ఉండదు. ఖాళీగా వదిలితే ఫారం సబ్మిట్ అవ్వదు. ఆ డ్రాప్‌డౌన్ రాసేది మనలో ఎవరో ఒకరే కదా.