మంద నిలిచిన చేను



మన ఎడ్లపాడు పేరులోనే ఎడ్లున్నాయి. ఇప్పుడు మాత్రం వీధిలో ఎడ్ల జత కనబడితే ఆగి చూడవలసి వస్తున్నది. ట్రాక్టరు వచ్చిందని నాకేమీ విచారం లేదు. అయితే ఎడ్లతో, ఆవులతో, గొర్రెలతో పాటు మన చేలకు ఏటేటా అందుతూ వచ్చిన బలమొకటి పోయింది. అది ఎట్లా ఉండేదో, ఎట్లా పోయిందో, ఎంతవరకు తిరిగి రాబట్టుకోవచ్చునో ఈ పూట చెప్పుకుందాం.

ముందు నీటి సంగతి. కొండవీడు మన మండలంలోనిదే గదా. కొండల మీద పడిన వాన ఊరికే పారిపోకుండా కింద పట్టి ఉంచడం రెడ్డిరాజుల కాలంలో పెద్ద పనిగా సాగింది. కొండకు అవతల ఫిరంగిపురంలో పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబిక సంతానసాగరమనే చెరువు తవ్వించింది. ఆ సంగతి చెప్పే శాసనం 1409 నాటిది. ఆ చెరువుకు నీరు చేర్చేందుకు రాజు జగనొబ్బగండ కాలువను తవ్వించినాడు. చెరువంటే నీరొక్కటే కాదు. వేసవిలో అడుగు తేలినప్పుడు బండ్లు కట్టుకొని పోయి పూడు మన్ను తోలుకొనేవారు. ఆ మన్ను కొండ కింది ఎర్రచెలకలకు బాగా పనికి వస్తుంది. నీరు నిలవని నేలకు అది జిగి తెస్తుంది. నల్లరేగడిలో జిగురు మునుపే ఎక్కువ. దానికి కావలసింది వేరు. ఆ కావలసినదాన్ని మంద తెచ్చేది.

మంద కట్టించడమంటే ఏమిటో మీలో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. పంట కోసి, చొప్ప వామి వేసిన తరువాత కాపరి మందను చేనులోకి తోలుతాడు. పగలు మొదళ్ళు, రాలిన ఆకు, గట్టు గడ్డి మేస్తాయి. రాత్రి ఒక మడిలో దగ్గరగా పడుకుంటాయి. మరునాడు పక్క మడి. ఎకరానికి వెయ్యి జీవాల చొప్పున ఒక్క రాత్రి నిలిపితే చాలుననే లెక్కన కట్టించేవారు. అందుకు కాపరికి గింజలు కొలిచి ఇచ్చేవారు. పశువుల పెంట ఎరువులో నత్రజని నూటికి అరపాలు ఉంటే, గొర్రెల, మేకల ఎరువులో నూటికి మూడు పాళ్ళ దాకా ఉంటుంది. దాని మీద మూత్రం కలిసి వస్తుంది. ఇంటి దగ్గర పోగుపడిన ఎరువులో అది ఎప్పుడో ఇంకిపోయి ఉంటుంది.

నల్లరేగడికి ఇది ఇంతగా ఒప్పడానికి కారణమొకటున్నది. ఎండకాలంలో మన చేలు నెర్రెలిస్తాయి. పెంటికలు, మొదళ్ళ ముక్కలు ఆ నెర్రెల్లోకి జారుతాయి. తొలకరికి నేల ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. ఏ నాగలీ అందనంత లోతుకు ఎరువు దిగిపోతుంది. వాన నీరు గూడా ఆ దారినే లోపలికి పోతుంది.

ఇక పుల్లరి కథ. ఇది మన పడమటి పల్నాడుది. అయినా మన చేలతో దానికి సంబంధమున్నది. పైరు నిలిచిన నాలుగైదు నెలలూ పశువులు చేలోకి రాకూడదు. ఆ రోజుల్లో అవి మేయవలసింది బంజర్లలో, కొండ వాలులో, అడవిలో. అంటే చేనుకు అడవి సగం భాగస్తురాలన్న మాట. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. ఆ పిమ్మట అడవులకు హద్దులు పెట్టి, పశువుల మేతకు పన్ను కట్టమన్నారు. దాన్నే మనవారు పుల్లరి అన్నారు. సహాయ నిరాకరణ రోజుల్లో, 1921లో, పల్నాడు రైతులు ఆ పన్ను కట్టమని నిలబడినారు. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో ప్రాణం విడిచినాడు. పుల్లరిని కేవలం డబ్బు తగాదాగా చదివితే సగమే అర్థమవుతుంది. గడ్డి దారి మూస్తే పశువు పోతుంది, పశువు పోతే చేను చిక్కిపోతుంది. ఆ భయం వెనుక అనుభవమున్నది. నందన నామ సంవత్సరపు కరువు, అంటే 1832–33 నాటిది, గుంటూరు సీమలో లక్షన్నరకు పైగా జనాన్ని పొట్టన పెట్టుకున్నది. పశువులు, జీవాలు గూడా అట్లాగే పోయినాయి. అటువంటి కరువు తరువాత వాన కురిసినా దున్నేందుకు ఎడ్లు ఉండవు.

1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలినారు. కుడి కాలువ మన ప్రాంతం రూపు మార్చివేసింది. జొన్న, వరిగ వేసిన చేలల్లో పత్తి, మిరప వచ్చినాయి. డబ్బు వచ్చింది, పిల్లలు చదువుకున్నారు, ఇళ్ళు లేచినాయి. కాదనను, నా చదువు గూడా ఆ నీటి చలవే. అయితే జొన్నతో పాటు చొప్ప పోయింది, చొప్పతో పాటు పశువు పోయింది. పత్తికి మందుల మీద మందులు కొట్టేసరికి కాపరి మన చేల గట్టు ఎక్కడానికే జంకినాడు. 1980ల్లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టిన యేళ్ళు, 1987–88లో రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులు ఇక్కడి పెద్దలకు జ్ఞాపకమే. కొన్ని చోట్ల లెక్క తలకిందులై, మంద మేపుకున్నందుకు కాపరే రైతుకు డబ్బు చెల్లిస్తున్నాడు. ఎరువు మన చేనులో వేసి, పైగా డబ్బు! ఇందులో న్యాయమెంతో మీరే చెప్పండి.

నీటిది గూడా ఇటువంటి కథే. కాలువ నీరు ఎక్కువైన పల్లపు చేలల్లో ఊట నిలిచి చౌడు తేలింది. కుడి కాలువ కింద కొణంకి వద్ద భూమిలో గొట్టాలు వేసి మురుగు తీసే పరీక్షలు జరిపినారు. గొట్టాలు ఖర్చుతో కూడిన పని. దానికి ముందు మనం చేయగలిగింది, నేలలో సేంద్రియ పదార్థం పెంచి, పెట్టిన నీరు సమంగా ఇంకేటట్లు చూచుకోవడం.

ఇప్పుడు నా పొరపాటొకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతుకు మంద కట్టించమని సలహా చెప్పినాను. ఎక్కువ నిలిపితే ఎక్కువ మేలనుకొని, ఒకే మడిలో అయిదు రాత్రులు ఉంచమన్నాను. పక్క ఊరి ముసలి కాపరి నవ్వి, “నాయనా, రెండో పొద్దు అదే చోట పడుకుంటే జీవాలకే రోగం” అన్నాడు. నేను వినలేదు. ఆ మడిలో మిరప నల్లగా, ఏపుగా ఎదిగి ఆకు మీదికి పోయింది, కాపు పలచబడింది. పక్క మడుల్లో కాయ బాగుంది. మందలో గొర్రెలకు పురుగు పట్టింది. రైతు నన్నేమీ అనలేదు గాని, కాపరి మొగం చూడలేకపోయినాను.

తరువాత పుస్తకాలు తిరగవేస్తే, ఫ్రాన్సు దేశంలో ఆంద్రే వాజాఁ అనే రైతు శాస్త్రజ్ఞుడు 1957లో ఇదే మాట రాసినట్లు తెలిసింది. బీడులో ఎన్ని పశువులున్నాయన్నది కాదు, ఎన్ని రోజులున్నాయి, మేసిన గడ్డికి ఎన్నాళ్ళు తెరిపి దొరికింది, అదీ ముఖ్యమని ఆయన లెక్క. మన ఒంగోలు జాతి బ్రెజిల్ పోయి నెలోర్ అయింది గదా, అక్కడ గూడా బీళ్ళను దొడ్లుగా విభజించి వంతుల వారీగా మేపే పద్ధతి ఉన్నది. మంద తోలితే చాలు, ఎడారి గూడా తోటవుతుందని కొందరు పెద్ద మాటలు చెబుతారు. నేనంత దూరం పోను. వాన, నేల, తెరిపి కుదరకపోతే అదే మంద గడ్డిని వేరుతో సహా పోగొడుతుంది. కొండ వాలుల్లో రోజూ తొక్కిన దారులు చూడండి.

ఇక మన చేతిలో ఉన్నదేమిటంటే, పత్తి, మిరప తీసివేసినప్పటి నుండి తొలకరి దాకా ఖాళీగా ఉండే నెలలు. పత్తి ఆఖరు తీత అయిన వెంటనే మందను తోలండి. చెట్టు మీద మిగిలిన పుచ్చుకాయలను జీవాలు తింటాయి. వాటిలో దాగిన గులాబీరంగు పురుగు వచ్చే పంటకు దాటదు. పత్తి కట్టెకు నిప్పు పెట్టకుండా ముక్కలు చేసి నేలలో కలపండి. మంద లేచిన మడిని వీలైనంత త్వరగా పైపైన గుంటక తోలి కలపండి. ఆలస్యమైతే మూత్రంలోని నత్రజని గాలిలో కలుస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు మాత్రం మంద వద్దు. రేగడి అడుగు బిగుసుకొని పోతుంది.

రైతు సాధికార సంస్థ వారి ప్రకృతి వ్యవసాయంలో వేసవిలోనే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లే పద్ధతి ఉన్నది. విత్తనాలకు మట్టి పూత పెట్టి వేస్తే కొద్దిపాటి వానకే మొలుస్తాయి. పూతకు వచ్చిన తరువాత కొంత మేపి, తక్కింది కలియదున్నవచ్చు. ఇందులో జాగ్రత్త ఒకటి: జొన్న కలిసి ఉంటే, లేతగా ఉన్నప్పుడు, వాడినప్పుడు, కోసిన మొదళ్ళ పిలకల్లో విషం ఉంటుంది. పూతకు ముందు ఆ చేలోకి ఒక్క గొర్రెను గూడా వదలకండి. తొలకరి లేత పచ్చికకు చిటుకు రోగం వస్తుంది గనుక, టీకా వేసవిలోనే వేయించమని కాపరికి చెప్పండి. పశు వైద్యశాలలో అడిగితే వేస్తారు.

కాపరికి మీ చేను ఖాళీ అయ్యే తేదీ నెల ముందే చెప్పి పెట్టండి. ఆఖరు మందు ఏది కొట్టారో, ఏ రోజున కొట్టారో గూడా చెప్పండి. డబ్బా మీద రాసిన గడువు తీరకుండా మంద తోలవద్దు. ఇచ్చేది గింజలో, డబ్బో, ఎవరు ఎవరికో, అది ఇద్దరూ చేను గట్టున కూర్చొని తేల్చుకోవలసిన సంగతి.