కంటి ఒత్తిడికి కొలబద్ద

కంటి లోపలి ఒత్తిడి కొలిచే పరికరాన్ని సరిచూడడం తేలికే. 1905లో నార్వే వైద్యుడు షియోట్జ్ తెచ్చిన టోనోమీటర్ని లోహపు దిమ్మ మీద ఆనిస్తే ముల్లు సున్నా చూపాలి. చిక్కల్లా కంటితోనే. లోపలి ఒత్తిడి ఒకటే అయినా మెత్తటి కన్ను ఆ బరువుకి ఎక్కువ లొంగుతుంది, గట్టిది తక్కువ. ముల్లు చూపిన అంకెని ఒత్తిడిగా మార్చే పట్టికల్ని ఫ్రీడెన్‌వాల్డ్ తిరగరాయాల్సొచ్చింది.

1950లలో బెర్న్‌లో గోల్డ్‌మన్ కంటిని గుంట పడేలా నొక్కడం మాని, 3.06 మిల్లీమీటర్ల వ్యాసం మేర చదును చేశాడు. అక్కడ గ్రాము బలం అంటే 10 మిల్లీమీటర్ల పాదరసం. పట్టికలతో పనిలేదు! కానీ ఆ లెక్క కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు అనుకుని కట్టింది. ఇవాళ లేసిక్‌తో పల్చబడ్డ కార్నియా మీద అదే పరికరం ఒత్తిడిని తక్కువ చూపిస్తుంది; గ్లాకోమా దాక్కోవచ్చు.

పరికరాన్ని సరిచూడ్డానికి దిమ్మలూ కడ్డీలూ ఉన్నాయి. కంటికేవీ? అందుకే ఆ అంకెని నేనొక సాక్ష్యంగానే తీసుకుంటాను. కంటి నరాన్ని కూడా చూశాకే తీర్పు.