ఫోను వెల, అక్షరం తూకం

బంగారం కొట్టులో బేరమంతా మూడు మాటల చుట్టూ తిరుగుతుంది: తూకం, తరుగు, మజూరీ. నరసన్నపేటలో నగ మార్పించుకోని ఇల్లాలు అరుదు కనుక ఈ మూడు మాటల అర్థం ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాత గొలుసు ఇచ్చి కొత్తది తీసుకున్నప్పుడు తూకం మనకే మిగులుతుంది. తరుగూ మజూరీ కొట్టువానికి పోతాయి. ఇత్తడికీ ఇదే ధర్మం. మాకు దాపులనున్న సారవకోట మండలం బుడితి గ్రామం కంచు, ఇత్తడి పాత్రలకు పేరు పడ్డది. అక్కడి బిందె ఎంత సొట్టపోయినా లోహం వెల లోహానికి ఉండనే ఉంటుంది.

అదే బజారులో నాలుగడుగులు వేస్తే సెల్‌ఫోను దుకాణం. "పాతది ఇవ్వండి, కొత్తది తీసుకోండి" అన్న బోర్డు అక్కడా ఉంటుంది. మరి ఆ మార్పిడిలో తూకమేది, మజూరీ ఏది? ఎనభైవేలు పెట్టి కొన్న వస్తువులో మనకు మిగిలేదెంత, తరుగుగా పోయేదెంత?

కెమెరాల సంగతి, ఆటల సంగతి తెలిసినవారు తమ కొలతలు తాము చెప్తారు. తెలుగు చదువుకొని, తెలుగు చెప్పుకొని బ్రతికినవాడిని కనుక నా కొలబద్ద ఒక్కటే. ఏ కాలంలో ఏ వెలకు దొరికిన ఫోను తెలుగు అక్షరానికి ఏమి చేసిపెట్టింది? ఈ కొలతతో గడచిన ముప్పయ్యేళ్ళ చరిత్రను చూస్తే, కొత్త ఫోను కొనడం నిజంగా లాభించిన సందర్భాలు మనం అనుకునేదానికంటే చాలా తక్కువ అని తోస్తుంది.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31న జరిగింది. కలకత్తా నుండి ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్ రామ్‌తో మాట్లాడారు. ఆనాడు నిమిషానికి ఎనిమిది రూపాయల నుండి పదహారు దాకా పడేది. పైగా అవతలివారు చేసినా మనకు ఖర్చే! కొనడం ఒక బరువు, పలకడం అంతకంటె బరువు. మా జిల్లాలో అప్పటికి ఎస్.టి.డి. బూతులదే రాజ్యం, రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేదాకా వేచి ఉండి, మీటరు మీద కన్ను వేసి మాట్లాడిన తరం మాది. 2003లో రెండు మార్పులు వచ్చాయి. మే 1 నుండి వచ్చే కాలుకు డబ్బు కట్టనక్కరలేకపోయింది. ఆ వర్షాకాలంలో రిలయన్సు వారు 501 రూపాయలకే ఫోను చేతికిచ్చారు. 2006 మార్చిలో బి.ఎస్.ఎన్.ఎల్. 'వన్ ఇండియా' పథకంతో దేశంలో ఏ మూలకైనా నిమిషానికి రూపాయి అయింది. సూరతుకో, చెన్నైకో, గుజరాతు సముద్రతీరానికో వలసపోయిన బిడ్డలు ఉన్న మా ప్రాంతపు ఇళ్ళకు ఆ రూపాయి చేసిన మేలు ఇంతని చెప్పలేము. ఆ దశలో సెల్‌ఫోను కొనుక్కోవడం లాభమా అని అడిగేవాడే లేడు.

(ఆ రోజుల్లోనే దీనికి తెలుగు పేరు పెట్టే పని మొదలైంది. చరవాణి అన్నారు, జంగమవాణి అన్నారు. రెండూ చక్కని సమాసాలే. జనం మాత్రం 'సెల్లు' అన్నారు. డుమువులు చేరి అచ్చతెనుగు మాటలా ఒదిగిపోయింది కనుక నాకేమీ అభ్యంతరం లేదు.)

మాట చవకైనది గాని అక్షరం చవక కాలేదు. ఈ సంగతి చాలామంది గమనించలేదు. ఒక సంక్షిప్త సందేశంలో రోమను లిపిలో 160 సంకేతాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి. ఆ 70 కూడా మనం ఎంచే అక్షరాలు కావు. 'నరసన్నపేట' అంటే బడిపిల్లవాడు ఆరు అక్షరాలంటాడు; యంత్రం తొమ్మిది అంటుంది, పొల్లునూ ఏత్వాన్నీ విడివిడిగా లెక్కిస్తుంది కనుక. 'సంక్రాంతి శుభాకాంక్షలు' అన్న ఎనిమిది అక్షరాల మాటకు యంత్రం లెక్కలో ఖాళీతో కలిపి 22. అంటే ఒక సందేశంలో ఆ శుభాకాంక్ష మూడుసార్లే పడుతుంది. ఆంగ్ల లిపిలో వ్రాస్తే ఆరుసార్లు. పండుగ రోజుల్లో ఉచిత సందేశాలు చెల్లవన్న నిబంధన దీనికి తోడు. తెలుగువాడు తెలుగును ఆంగ్ల లిపిలో వ్రాయడం నేర్చుకున్నది భాషాభిమానం లేక మాత్రమే కాదు. జేబు ఆ వైపుకు త్రోసింది.

అసలు ఆ సందేశం అవతలి ఫోనులో తెలుగుగా కనబడితే గదా లెక్క! యూనికోడులో తెలుగుకు చోటు 1991 నాటి మొదటి కూర్పులోనే దక్కింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి వచ్చింది. లేఖినిలో టైపు చేసి టపాలు వ్రాసుకున్న బ్లాగ్మిత్రులకు ఆ కాలం గుర్తే. కంప్యూటరులో ముత్యాల్లా కనబడిన ఆ టపాలే ఫోనులో తెరిస్తే వరుసగా డబ్బాలు. 2008 ఆగస్టులో ఐఫోను మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు 8 జీబీ దాని వెల 31,000 రూపాయలు. ఆ డబ్బుతో అప్పుడు రెండు తులాల పైచిలుకు బంగారం వచ్చేది. ఆ రెండు తులాలూ ఇవాళ రెండు లక్షలు దాటాయి. ఆనాటి ఆ ఫోను ఇవాళ ఏ కొట్టులో ఎంతకు తీసుకుంటారో మీరే ఊహించండి.

ఖరీదైన ఫోను లేనివారు ఊరుకున్నారా? ఓపెరా మినీ బ్రౌజరులో చిరునామా ఉండే చోట 'ఓపెరా కాన్ఫిగ్' అని కొట్టి, చివరన ఉన్న ఒక ఎంపికను 'అవును' అని మార్చితే, ఆ కంపెనీ సర్వరే తెలుగు అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. ఈ చిట్కా తెలుగు బ్లాగుల్లో ఎన్నిసార్లు చేతులు మారిందో! రెండువేల రూపాయల ఫోనులో తెలుగు చదువుకోవచ్చునని తెలిసిన నాటి సంతోషం వేరు. డేటా కొంత ఎక్కువయ్యేది, అంతే. వెల కట్టి సాధించలేనిది తెలివితో సాధించిన ఘట్టం అది. దానిని ఎవరైనా విపులంగా గ్రంథస్థం చేస్తే బాగుండును.

డబ్బాలు పోయి అక్షరాలు వచ్చినా కష్టం తీరలేదు. ముప్పయ్యేళ్ళు సంయుక్తాక్షరాలు దిద్దించినవాడిని, కాబట్టి కొంచెం విస్తరిస్తాను. 'స్త్రీ' అన్న అక్షరాన్ని పలికే వరుస స, త, ర, ఈ. యంత్రంలో దాగే వరుస కూడా ఇదే. వ్రాసే వరుస మాత్రం వేరు. చివర పలికే గుడిదీర్ఘం మొదటి హల్లైన సకారం నెత్తిన కూర్చుంటుంది. తకారం, రకారం ఒత్తులై కిందికి, పక్కకు దిగుతాయి. అంటే చివర ఉన్నదాన్ని మొదటికి తెచ్చి, మధ్యనున్న వాటి ఆకారం మార్చి, చోటు మార్చి చూపాలి. ఖతి ఉంటే చాలదు, ఈ కూర్పు తెలిసిన యంత్రాంగం కావాలి. అది లేని ఫోనులో సకారం ఒకచోట, పొల్లు మరొకచోట పడి, దీర్ఘం పోయి రకారం మీద వ్రాలేది. బడిలో పిల్లవాడు అలా వ్రాస్తే పది మార్లు వ్రాయించేవాళ్ళం.

ఆండ్రాయిడులో ఈ కూర్పు తెలుగుకు, కన్నడానికి, మలయాళానికి 4.1 కూర్పుతో 2012లో వచ్చింది. కొన్ని కంపెనీలు అంతకు ముందే తమంతట తాము భారతీయ లిపులు చేర్చి అమ్మాయి గాని, ఏ ఫోను కొన్నా తెలుగు సరిగా కనబడుతుందన్న భరోసా అప్పటి నుండే. నా దృష్టిలో తెలుగు పాఠకుడికి ఫోను మార్చడం నూటికి నూరుపాళ్ళు గిట్టుబాటైన సందర్భం ఇది ఒక్కటే. 2.3 కూర్పు ఉన్న ఫోనుకూ 4.1 ఉన్న ఫోనుకూ మధ్య తేడా చూడనివానికీ చూపున్నవానికీ ఉన్న తేడా.

తరువాత జరిగినదంతా ఆ చూపు చవక కావడమే. 2015 ఆగస్టు 10న మన విశాఖపట్నంలోనే షావోమీ వారు రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విడుదల చేశారు. అప్పటి చిత్తూరు జిల్లా శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారంలో కూర్చిన ఫోను, వెల 6,999 రూపాయలు. తెలుగునేల మీద తయారై తెలుగు చూపిన ఫోను ఏడువేలకు దొరికింది! 2016లో కేంద్ర ప్రభుత్వం దేశంలో అమ్మే ఫోన్లన్నీ గుర్తింపు పొందిన భారతీయ భాషలన్నిటినీ చూపగలగాలని ఉత్తర్వు చేసింది. 2017లో ప్రకటించిన జియోఫోను 1,500 రూపాయల డిపాజిటు మీద వచ్చింది. అందులోనూ తెలుగు ఉంది. ఆ ఏడాదే ఆగస్టులో గూగులు వారి మాట విని వ్రాసే సదుపాయం తెలుగుకు వచ్చింది. గుర్తించవలసినది ఏమంటే, దానికి కొత్త ఫోను అక్కరలేకపోయింది. వినే పని దూరాన ఉన్న వారి యంత్రాలది. మన చేతిలోది ఎంత చవకదైనా సరిపోయింది. (మా ఉత్తరాంధ్ర యాసకు అది అప్పుడప్పుడు తెల్లబోతుంది. అయినా కన్ను ఆనని పెద్దలకు వరమే.)

ఇలా అక్షరం వెల పదిహేను వందలకు దిగివచ్చిన సంవత్సరంలోనే, 2017 నవంబరులో, ఐఫోన్ టెన్ మన దేశానికి వచ్చింది. వెల 89,000 రూపాయలు. మూడు నెలలు తిరిగేసరికి, 2018 ఫిబ్రవరిలో, ఆ ఫోను ఒక తెలుగు అక్షరం చూసి కూలబడింది. ఆ అక్షరం 'జ్ఞా'.

ప్రపంచమంతటి పత్రికలూ "ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేస్తున్నది" అని వ్రాశాయి. తెలుగు పేరు అన్ని దేశాల్లో ఒక్కసారిగా వినబడిన సందర్భం అదేనేమో. ఆ వినబడిన తీరు మాత్రం నాకు రుచించలేదు. తప్పు అక్షరానిది కాదు. మామూలుగా మనం వ్రాసే 'జ్ఞానం' వల్ల ఏమీ కాలేదు. జకారం, పొల్లు, ఞకారం తరువాత కంటికి కనబడని ఒక సంకేతం చేరి, ఆపై దీర్ఘం వస్తేనే ఆ ఇబ్బంది. 'ఫోన్‌లో' అని వ్రాసేటప్పుడు నకారం కింద లవత్తు పడకుండా ఆపడానికి మనం వాడుకునే సంకేతమే అది. ఆ చోట దానికి పని లేదు నిజమే. అయితే పని లేని గుర్తు కనబడితే దాన్ని దాటిపోవాలి గాని స్పృహ తప్పకూడదు గదా! సందేశంలో ఆ అక్షరం వస్తే ఆ యాప్ మళ్ళీ తెరుచుకునేది కాదు. ఫోను తెర మీది ప్రకటనగా వస్తే ఫోనే మొరాయించేది. ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పుతో ఆపిల్ వారు దాన్ని సరిచేశారు. ఈలోగా ఏడువేల ఆండ్రాయిడు ఫోన్లు అదే అక్షరాన్ని నిక్షేపంగా చూపాయి.

89,000లో అక్షరానికి పోయిన పాలు ఎంత, హోదాకు పోయిన పాలు ఎంత అన్న లెక్క నాకు ఆ వారంలోనే తేలింది. వెలలో పన్నుల వాటా కూడా మరువరాదు. 2018లో దిగుమతి సుంకం 20 శాతం అయింది. 2020 ఏప్రిల్ నుండి జి.ఎస్.టి. 12 శాతం నుండి 18కి పెరిగింది. ఇదంతా మజూరీలో కలిసేదే, మార్పిడిలో తిరిగి రానిదే.

అక్కడి నుండి కొత్తది కొనిపించే యుక్తి మారింది. ఐఫోన్ 13 నుండి 16 వరకు, 2021 మొదలు 2024 దాకా నాలుగేళ్ళు, మొదటి మెట్టు వెల 79,900 దగ్గరే నిలిచింది. ఏటేటా కొత్త అంకె, అదే వెల. చదివేవాడికి, వ్రాసేవాడికి ఆ నాలుగింటి మధ్య తేడా వెదికి పట్టుకోవాలి. ఫొటోలు వృత్తిగా ఉన్నవారి మాట వేరు, వారికి కెమెరా పనిముట్టు. పాత ఫోను మందగించింది కనుక మార్చక తప్పలేదనేవారు 2017 డిసెంబరు నాటి సంగతి గుర్తు చేసుకోవాలి. పాతబడిన బ్యాటరీ ఉన్న ఐఫోన్లను తామే నెమ్మదింపజేస్తున్నామని ఆపిల్ వారు ఒప్పుకొని, బ్యాటరీ మార్పిడి ధర తగ్గించారు. 2020లో అమెరికాలో ఆ వ్యాజ్యాన్ని 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించేందుకు ఒప్పుకొని పరిష్కరించుకున్నారు. పాత్రకు కళాయి పోతే కళాయి వేయిస్తాం, పాత్రను పారవేయం. బ్యాటరీ ఆ కళాయి వంటిది.

అయితే కళాయి వేయించినా నిలవని రోజు ఒకటి వస్తుంది. 2023 అక్టోబరు 24 నుండి వాట్సాప్ ఆండ్రాయిడ్ 5.0 కంటే పాతవాటిలో పనిచేయడం మానేసింది. మన లిపికి చూపునిచ్చిన 4.1 కూర్పు కూడా వాటిలో ఒకటి. ఆ ఫోన్లలో స్త్రీకి దీర్ఘం జారలేదు, జ్ఞకు ఒత్తు చెదరలేదు. దాచుకున్న పద్యం తెరిస్తే నిన్నటిలాగే ఉంటుంది. అవతలి సేవ తలుపు మూసింది, అంతే. బ్యాంకు యాప్‌లదీ ఇదే దారి. ఫోను తరుగు ఇప్పుడు అరుగుదలలో లేదు, ఈ గడువు తేదీలో ఉంది.

గూగులు 2023 అక్టోబరులో పిక్సెల్ 8కు, శాంసంగు 2024 జనవరిలో గెలాక్సీ ఎస్ 24కు ఏడేళ్ళపాటు కొత్త కూర్పులూ రక్షణ సవరణలూ ఇస్తామన్నాయి. ఎనభైవేల ఫోను ఏడేళ్ళు నడిస్తే ఏడాదికి పదకొండువేల పైమాట. పద్నాలుగువేల ఫోను నాలుగేళ్ళు నడిస్తే ఏడాదికి 3,500. ఈ భాగహారం కొట్టువాడు చేసిపెట్టడు. పెట్టె మీద వెల అచ్చై ఉంటుంది, జ్ఞాపకశక్తి ఎన్ని జీబీలో ఉంటుంది. రక్షణ సవరణలు ఏ సంవత్సరం దాకా వస్తాయో మాత్రం పెద్ద అక్షరాల్లో ఎక్కడా కనబడదు. వెల అడగడానికి ముందు ఆ సంవత్సరం అడిగి, బిల్లు వెనుక వ్రాయించుకోండి.