వస్తానియా మెట్టు

ఉత్సవ సంచికల్లో నిలిచిన బడుల గురించే రాసుకుంటాం. మూతపడ్డ మిడిల్ స్కూలుకు పక్క బడి చరిత్రలో ఒక్క వాక్యమైనా దక్కదు. వరంగల్, హనుమకొండల చదువు కథలో ఆ నడిమి బడిని వదిలేస్తే మిగతాదేదీ అర్థం కాదని నా నమ్మకం.

నిజాం జమానాలో బడికి మూడంచెలు: తహతానియా (ప్రాథమిక), వస్తానియా (నడిమి), ఫౌఖానియా (ఉన్నత). మొదటి అంచెలో పిల్లలు తెలుగులోనే అక్షరాలు దిద్దేవారు. వస్తానియాలో కాలు పెట్టగానే లెక్కలు, చరిత్ర, భూగోళం అన్నీ ఉర్దూలోనే. ఇంట్లో ఆ భాష వినబడని రైతుబిడ్డకూ, సాలెల బిడ్డకూ చదువు చాలాసార్లు అక్కడే ఆగిపోయేది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక పై చదువులకు ఆ మెట్టు ఎక్కక తప్పలేదు.

తెలుగు చెప్పే ఖాన్గీ (ప్రైవేటు) బడులైనా ఉంటే కొంత ఊరట. 1924 ప్రాంతంలో సర్కారు అనుమతి లేనిదే అవి నడవకూడదన్నారు. రాజ్యమంతటా నాలుగు వేలకు పైగా ఉన్న బడులు రెండు మూడేళ్లలో వెయ్యి చిల్లరకు పడిపోయాయి. అరుగు మీద పాఠం చెప్పే పంతులు ఏ దఫ్తరు చుట్టూ తిరగగలడు? బడి ఇవ్వని తెలుగును గ్రంథాలయం ఇచ్చింది. హనుమకొండలో 1904లోనే వెలిసిన శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం చేసిన మేలు అందుకే అంత పెద్దది. మడికొండలో పెరిగి వరంగల్ కాలేజియేట్ హైస్కూల్లో మెట్రిక్ చదివిన కాళోజీ, హనుమకొండ బడిలో చదువుకున్న పి.వి. నరసింహారావు ఉర్దూ మెట్టు దాటివచ్చినవాళ్లే. దాటలేకపోయినవాళ్ల పేర్లు ఏ సంచికలోనూ ఉండవు.

1948లో నిజాం పాలన ముగిశాక పాఠాలు తెలుగులోకి మారాయి. మొదలియార్ కమిషన్ సిఫారసుతో మల్టీపర్పస్ బడులు వచ్చాయి. హనుమకొండ మల్టీపర్పస్ హైస్కూల్లో జయశంకర్ సార్ పాఠాలు చెప్పారు. వస్తానియా పేరు మరుగై ప్రాథమికోన్నత పాఠశాల వచ్చింది. ఏడో తరగతి కామన్ పరీక్ష గట్టెక్కితే ఊరంతా మెచ్చుకునేది.

ఇప్పుడు ఆ బడులే ముందుగా పలచబడుతున్నాయి. కింద ప్రైమరీ ఉంటుంది, పైన హైస్కూలు ఉంటుంది; పిల్లలు తగ్గితే హేతుబద్ధీకరణలో పోయేది నడిమిదే. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా కిలోమీటరు లోపల, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. కాగితం మీద మూడు కిలోమీటర్లు చిన్న దూరమే. లారీలు తిరిగే రోడ్డు దాటి వెళ్లాల్సిన ఆరో తరగతి ఆడపిల్లకు అది చిన్నది కాదు. పక్క హైస్కూల్లో కలిపేటప్పుడు ఆ పిల్ల ఎట్లా వెళ్లివస్తుందో తేల్చాకే తాళం వెయ్యాలి.

మూతపడ్డ బడి దాఖలా రిజిస్టర్లు పక్క బడి బీరువాకు చేరతాయి. పుట్టినతేదీ ధ్రువపత్రం కోసం పాత విద్యార్థి వచ్చినప్పుడు తప్ప వాటిని తెరిచేవాళ్లుండరు. నిజాం నాటివైతే ఉర్దూలో, ఫస్లీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే మన లెక్కకు దాదాపు సరిపోతుంది. ఉర్దూ చదవగల పెద్దలు మన నగరంలో ఇంకా ఉన్నారు. చెదలు ముట్టకముందే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఊరి పిల్లలు వస్తానియాలో చేరారో, ఏ తరగతిలో పేరు కొట్టేశారో తెలుగులో రాసిపెట్టే పని పూర్వ విద్యార్థుల సంఘాలు ఈ ఏడే మొదలుపెట్టాలి.